నలభై నంబరు డబ్బా

ఏప్రిల్ నెల మూడో బుధవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా నాన్న కారు బొనెట్ ఎత్తాడు. మా కష్టం అప్పుడే మొదలైంది. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, వరండాలో ఉన్న గోడ గడియారానికి రోజూ కీ ఇవ్వడం నా పని. అది రోజుకు రెండు నిమిషాలు వెనకబడేది. ఆ రెండు నిమిషాలూ కలిపే చెబుతున్నాను. తర్వాత మా ఇంట్లో ఆ సంగతి మాట్లాడుకున్న కొద్దిసార్లూ అందరూ "ఆ సాయంత్రం" అనే అనేవారు. సాయంత్రం కాదు. ఎండ ఇంకా పెంకుల మీదే ఉంది.

దీని గురించి రాయాలని నేను అనుకోలేదు. పోయిన నెల అటక మీద కారుతున్న రేకు మార్పిస్తుంటే, పైకెక్కిన మనిషి ఒక్కొక్క సామానే కిందికి అందించాడు. విరిగిన ఉయ్యాల బల్ల, ఇత్తడి జల్లెడ, రెండు కుంపట్లు. వాటి వెనక ఒక చదరపు డబ్బా. అంచులన్నీ తుప్పు పట్టి, రంగు ఊడి, పక్కన వేసిన అంకె ఒక్కటే మిగిలింది, నలభై. మూత మీద సీలు వేసింది వేసినట్టే ఉంది. ఊపితే లోపల బరువుగా కదిలింది. నేను దాన్ని వరండాలో పెట్టించి చాలాసేపు దాని ఎదురుగా కూర్చున్నాను.

సరిగ్గా అదే వారం వేసవికని నా కారుకు ఇంజను నూనె మార్చాల్సి వచ్చింది. నా కారు వయసు ఇరవై దాటింది. అరకు రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న సుందర్రావు దాన్ని చూస్తుంటాడు. నేను ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పిన రోజుల్లో అతను నా దగ్గర చదువుకున్నాడు. అందుకని ఇంటికే వచ్చి మారుస్తాడు. ఆ రోజు చేతిలో కొత్త డబ్బా పట్టుకుని వచ్చాడు.

"టీచరమ్మగారూ, ఇప్పుడందరూ ఈ పల్సటిదే ఏయించుకుంటన్నారు. మైలేజీ బాగొస్తాది, పొద్దున్న బండి బేగి లేస్తాది."

"అందరివీ కొత్త బళ్లు. నాది కాదు."

"బండి పుస్తకంలో రెండూ రాసే ఉన్నాయి కదమ్మా."

"ఉన్నాయి. ఏది ఎప్పుడు వెయ్యాలో కూడా అందులోనే ఉంది. మధ్యాహ్నం నా బండి ఎక్కడుంటుందో నువ్వు అడిగావా?"

"ఎక్కడుంటాది? మీతోటే ఉంటాది" అని నవ్వాడు. రెండు వారాలకోసారి నేను కంటి డాక్టరు దగ్గరికి విశాఖపట్నం వెళ్లి, మిట్టమధ్యాహ్నం శృంగవరపుకోట నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి వస్తానని అతనికి తెలుసు. తెలిసినా అలవాటు కొద్దీ నూనెను ఈ ఊరి పొద్దుటి చల్లదనాన్ని బట్టే ఎంచాడు. ఈ కొండల మీద పుట్టి పెరిగిన వాళ్లందరూ చేసే పనే అది. అతని చూపు వరండాలోని డబ్బా మీద పడింది. "ఇదేటమ్మా, మా తాత కాలం నాటి సరుకు. సీలు కూడా ఊడలేదు. ఇదే పోసీమంటారా?"

"దాన్ని ముట్టుకోకు."

అతను నవ్వు ఆపాడు. బడిలో కూడా నేను అతని మీద అంతగా గొంతెత్తలేదు.

ఇప్పటి డబ్బాల మీద రెండు అంకెలుంటాయి. మొదటిది చలిలో నూనె ఎలా ఉంటుందో చెబుతుంది, రెండోది ఇంజను వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. అరిగిన పాత ఇంజనుకు, ఎండలో కొండ ఎక్కే బండికి, ఆ రెండో అంకే ప్రాణం. నా చిన్నతనంలో ఒక్క అంకే ఉండేది. ఇరవై అంటే పల్చన, నలభై అంటే చిక్కన. ఏది కావాలో మనమే తేల్చుకోవాలి.

మా నాన్న పేరు సింహాచలం. కొండ కింద శృంగవరపుకోట పక్క పల్లెవాడు, ఆ ఊరిని మేం కోట అనే అంటాం. రైలు దారి వేసిన రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా ఈ కొండలెక్కాడు. పని ముగిసి కాంట్రాక్టరు వెళ్లిపోతూ అమ్మేసిన నల్ల కారు కొనుక్కుని ఇక్కడే ఉండిపోయాడు. పొద్దున్న మనుషుల్ని కోటకు దించడం, మధ్యాహ్నం అక్కణ్నుంచి మనుషుల్నీ ఉప్పునూ ఎండుచేపల్నీ ఎక్కించుకుని రావడం, ఇదే మా బతుకు. ఘాట్ రోడ్డు మలుపులన్నిటికీ ఆయన పేర్లు పెట్టుకున్నాడు. తాసీల్దారుగారి మలుపులో ఒక తాసీల్దారు కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకున్నారు. కోడిపెట్ట మలుపులో బుట్టలోంచి తప్పించుకున్న పెట్ట వచ్చి స్టీరింగు మీద కూర్చుంది. పెళ్లికొడుకు మలుపులో ఒక పెళ్లికొడుకు కారు దిగి నేను రానని రాయి మీద కూర్చున్నాడు. ఒకదానికొకటి వీపు చూపించుకునే రెండు మలుపులు అత్తాకోడళ్లు. ప్రతి మలుపు ముందూ దాని పేరు పిలిచి, హారన్ కొట్టి, అప్పుడు తిప్పేవాడు. కొత్తగా ఎక్కినవాళ్లకు భయం పోవడానికి అలా చేస్తాడని అమ్మ చెప్పేది. నాకైతే ఆయన మలుపుల దగ్గర అనుమతి తీసుకుంటున్నట్టుండేది.

పుష్యమాసంలో ఇక్కడి చలికి నలభై నంబరు నూనె ఇంజనులో పేరుకుపోయేది. ముందు హ్యాండిలు పెట్టి తిప్పినా కదిలేది కాదు. అందుకని తెల్లవారుతుండగానే అమ్మ ఒక కుంపటిలో నిప్పులు వేసి కారు కిందికి తోసేది. మా ఇంట్లో పొయ్యి కన్నా ముందు కారుకే నిప్పు. కాలుతున్న బొగ్గు, కింద వేడెక్కుతున్న పాత నూనె, పొయ్యి మీద ఉడుకుతున్న చోడి అంబలి, ఈ మూడూ కలిసిన వాసనే నాకు చలికాలం. పైన పెట్రోలు, కింద నిప్పు, మధ్యలో మా నాన్న. ఎవరమూ భయపడలేదు. భయం వేరే వైపు నుంచి వచ్చింది.

ఆ ఏడు పుష్యానికి అమ్మకు అయిదో నెల. నేను పుట్టిన పన్నెండేళ్లకు మళ్లీ నిలిచిన కడుపు. వంగి కుంపటి తొయ్యలేకపోతోందని నాన్న చూశాడు. ఒక రోజు కోట నుంచి ఇరవై నంబరు నూనె తెచ్చి, చిక్కటి నూనె దించేసి అది పోశాడు. మర్నాడు కుంపటి లేకుండానే కారు కదిలింది. అమ్మ గుమ్మంలో నిలబడి, "పదమూడేళ్లు కాపరం సేసినాక ఈ బుద్ధి పుట్టినాదా" అంది. ఆయన మా ఇంట్లో చేసిన పనులన్నిటిలో అంత ప్రేమతో చేసింది మరొకటి లేదు. అందుకే ఈ సంగతి చెప్పడం నాకు కష్టం.

రోజూ పొద్దున్నే నూనె చూడటం ఆయనకు పూజలాంటిది. నూనె మట్టం చూసే ఇనప పుల్ల బయటికి లాగి, చివర అంటిన చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి, మెల్లగా విడదీసేవాడు. తీగ సాగితే నూనె బాగున్నట్టు. ఈ కొండల మీద బళ్లు నడిపినవాళ్లంతా అలాగే చూసేవారు. అమ్మ అరిసెల పాకం చూసే తీరు కూడా అదే కావడంతో, వేళ్లు ఎత్తి చూపించి, "పాకం వొచ్చినాదేటి, పైడమ్మా?" అనేవాడు. అమ్మ వంటింట్లోంచే చూసి, "వొచ్చినాది, దించు" అనేది. ఇది మా ఇంట్లో రోజూ జరిగే వేళాకోళం.

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చింది. కింద కోటలో ఎండలు ముదురుతున్నాయని నాన్నకు తెలుసు. నలభై నంబరు డబ్బా కొని తెచ్చి వరండా మూల పెట్టాడు. ఇక పోయడమే తరువాయి. కానీ ఈలోగా చైత్రం వచ్చి కొండ ఊళ్లలో ఇటుకల పండగ మొదలైంది. ఆ రోజుల్లో ఇక్కడివాళ్లు నేల దున్నరు, పని ముట్టరు. మగవాళ్లు వేటకు అడవిలోకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బళ్లను ఆపి, పాట పాడి, పండగ డబ్బులు అడుగుతారు. నాన్నది ఈ కొండ కాదు, ఆ నియమం ఆయనది కాదు. కానీ ఆయన బండి ఎక్కేవాళ్లంతా ఆ ఊళ్లవాళ్లే. "ఆల పండగలో నాను బండి ఇప్పి నేల మీద పరిసినాననుకో, రేపు ఆ బండి ఎవులెక్కుతారు?" అనేవాడు. మొదట్లో అది వ్యాపారమే. కొన్నేళ్లకు అది ఆయన సొంత నమ్మకమైపోయింది. పండగ దాటాకే ఇంజను విప్పేవాడు. ఆ పండగ ఒక్కో ఊళ్లో ఒక్కో రోజు వస్తుంది. ఒక ఊరిది దాటితే ఇంకో ఊరిది మొదలు. ఆ ఏడు అది మరీ సాగింది.

వాయిదా వెయ్యడానికి ఆయనకు ఇంకో ధైర్యం కూడా ఉంది. ఏప్రిల్లో కూడా మా ఊళ్లో తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు. ఆ చల్లదనంలో ఏ నూనె అయినా తీగ సాగుతుంది. రోజూ వేళ్ల మధ్య చూసుకుని, "సాగతంది, ఇంకా బాగానే ఉన్నాది" అనుకునేవాడు. ఆ బుధవారం పొద్దున్న కూడా వేళ్లెత్తి చూపించాడు. అమ్మ అప్పటికి ఎనిమిదో నెలలో ఉంది. నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, ఎప్పుడూ అనే మాట అనలేదు.

"పాకం పొయ్యి మీదున్నప్పుడు సూడాల గానీ, సల్లారినాక సూత్తే ఏటి తెలుత్తాది? సల్లారితే నా సింతపండు సారు కూడా సాగతాది."

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ కూడా ఎగతాళికే అంది. అందులో ఇంకేదో ఉందని ఆ మాట అన్న మనిషికి కూడా తెలియదు.

ఆ రోజు నాకు సెలవు. నాన్నతో కోటకు వెళ్లాను. బజారులో చెప్పులు లేకుండా నిలబడలేక కాళ్లు మార్చి మార్చి వేస్తూ అమ్మకు వాము, బెల్లం కొన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కారు నిండా మనుషులు, పైన ఉప్పు బస్తాలు, ఎండుచేపల బుట్టలు. కొండ ఎక్కుతుంటే బొనెట్ మీద గాలి నీళ్లలా వణికింది. నాన్న మాత్రం హుషారుగా మలుపుల పేర్లు పిలుస్తూనే ఉన్నాడు.

గాలికొండ దగ్గర రోడ్డు మీద కర్ర. కర్ర పట్టుకున్నది చిలకమ్మ. ఆ పక్క ఊరి మనిషి. సంత రోజున పిప్పళ్లు, అడ్డాకులు తెచ్చి మా వరండాలో దించుకుని, అమ్మతో అంబలి తాగి కబుర్లు చెప్పిగానీ సంతకు పోయేది కాదు. ముఖానికి పసుపు, తల్లో ఏవో అడవి పూలు పెట్టుకుని, వెనక పదిమంది ఆడవాళ్లతో నిలబడి ఉంది.

"డైవరు బాబూ, ఎంతిత్తావు?"

"పొద్దున్న ఇచ్చినాను కదే, సిలకమ్మా."

"అది దిగినందుకు. ఇది ఎక్కినందుకు."

"ఇంకా నయం, మలుపుకొకటి అడగలేదు."

ఆడవాళ్లు నవ్వి పాట ఎత్తుకున్నారు. కారు ఆగి ఊరికే మోగుతోంది. అప్పుడు స్టీరింగు వెనక ఎర్ర దీపం మిణుకుమంది. నూనె ఒత్తిడి తగ్గితే వెలిగే దీపం అది.

"నాన్నా, దీపం" అన్నాను.

ఆయన యాక్సిలరేటరు తొక్కాడు. దీపం ఆరిపోయింది. "సూసినావా? ఆగితే ఎలుగుతాది, నడిస్తే ఆరతాది. కర్ర కాడ దానికీ పండగే."

చిలకమ్మ డబ్బులు కొంగున ముడి వేసుకుంటూ బొనెట్ వైపు చెవి ఒగ్గింది. లోపల ఎక్కడో టకటకమని సన్నటి చప్పుడు. "ఏటి బాబూ, నీ బండి పళ్లు కొట్టుకుంటంది? సలేసినాదేటి?" అంది. కారులో అందరం నవ్వాం.

ఇంటికి వచ్చేసరికి ఆ చప్పుడు వరండా దాకా వినిపించేంత అయింది. మూడూ పదికి బొనెట్ ఎత్తాడు. పుల్ల లాగాడు. దాని చివర నూనె చుక్కగా కూడా నిలవలేదు. మజ్జిగ మీద తేటలా జారిపోయింది. వేళ్ల మధ్య నొక్కి, కాలి, చెయ్యి విదిలించి, మళ్లీ నొక్కాడు. తీగ లేదు. ఆ వేళ్లను ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

"గుంటా, ఆ డబ్బా ఇలగ తే."

నలభై నంబరు డబ్బా మోసుకెళ్లి మెట్ల మీద పెట్టాను. ఆయన కారు కింద గోనె పరిచి, స్పానరు తీసుకున్నాడు. పండగ అనలేదు. గోనె మీద మోకాలు పెట్టాడో లేదో, వంటింట్లోంచి అమ్మ పిలుపు వినిపించింది. పేరు పెట్టి కాదు, ఒట్టి గొంతు.

అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. పాదాల దగ్గర నేల తడిగా, ఎర్రగా ఉంది. పక్క వీధి మంత్రసాని వచ్చి ఒక్కసారి చూసి, "ఇది నా సేతిలో లేదు నాయనా. కిందకి దించీ, బేగి" అంది. ఊళ్లో అప్పటికి ఆడ డాక్టరు లేదు. బస్సు వెళ్లిపోయింది, రైలు పొద్దున్నే పోయింది. ఉన్నది మా కారు ఒక్కటే.

నాన్న స్పానరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నూనె దించి, కొత్తది పోసి, బిరడా బిగించడానికి అరగంట. ఆ అరగంట అమ్మ పాదాల దగ్గర నేల మీద ఎర్రగా కనిపిస్తోంది. ఆయన ఒకసారి కారు వైపు, ఒకసారి డబ్బా వైపు చూడటం నేను చూశాను.

"ఏటి సూత్తన్నావు?" అంది అమ్మ. "ఎల్దాం."

స్పానరు డబ్బా మీద పెట్టాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మా ఊరి నుంచి గాలికొండ దాకా ఎక్కుడే. అది దాటితే కోట దాకా దిగుడు. వెనక సీటులో అమ్మ తల నా ఒళ్లో ఉంది. నాన్న మలుపుల పేర్లు పిలవలేదు. హారన్ మాత్రం కొట్టాడు. ఎర్ర దీపం ఈసారి ఆగినప్పుడే కాదు, నడుస్తున్నప్పుడూ వెలుగుతోంది. ఆయన కాలు ఎంత తొక్కినా ఆరడం లేదు. టకటకలు దబదబలయ్యాయి. అమ్మ కళ్లు మూసుకుని, "ఆ చప్పుడేటి?" అని ఒకసారి అడిగింది. నాన్న మళ్లీ హారన్ కొట్టాడు. గాలికొండకు ఇంకా ఒక మలుపు ఉందనగా ఇనుము ఇనుమును పట్టుకున్న చప్పుడు ఒకటి వచ్చి కారు ముక్కు కిందికి వంచి ఆగిపోయింది. కాలిన వాసన. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో, పై మలుపు నుంచి కర్ర దగ్గర ఆడవాళ్ల పాట చక్కగా వినిపించింది.

నేను పరుగెత్తాను. "సిలకమ్మత్తా, అమ్మకి బాగోలేదు, బండి సచ్చిపోనాది" అని ఎలా చెప్పానో చెప్పాను. చిలకమ్మ కర్ర పక్కకు గిరాటేసింది. మగవాళ్లంతా అడవిలో ఉన్నారు. ఆడవాళ్లే కిందికి దిగి వచ్చి, ఉప్పు బస్తాలు దించినట్టు చీరలు పైకి దోపుకుని, కారు వెనక చేతులు ఆన్చారు. పాట లేదు, మాట లేదు. ఊపిరి చప్పుడు మాత్రమే. నాన్న ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి తలుపు దగ్గర తానూ తోశాడు. కొండ కొస దాటి కారు తనంతట తాను కదలడం మొదలుపెట్టగానే చిలకమ్మ వెనక తలుపు తీసి ఎక్కి, అమ్మ కాళ్లు తన ఒళ్లోకి ఎత్తుకుంది. "పోనీ బాబూ" అంది.

ఇంజను చప్పుడు లేకుండా కారు కొండ దిగడం ఎప్పుడూ ఎరగను. టైర్ల కింద కంకర నలగడం, చెట్లలో పిట్టలు, అమ్మ మూలుగు, అన్నీ వేరువేరుగా వినిపించాయి. హారన్ మోగాలని నాన్న తాళం తిప్పే ఉంచాడు. అందుకని ఎర్ర దీపం దారి పొడవునా వెలుగుతూనే ఉంది. పొద్దు కొండ వెనక్కి పోయాక కారులో ఉన్న వెలుతురు అదొక్కటే. దాని రంగు నాన్న చేతుల మీద పడుతోంది. పట్టి ఉంచడానికి ఇంజను లేదు, బ్రేకులే ఆధారం. కాసేపటికి అవీ కాలిన వాసన వేశాయి. ఆయన కారును కొండ పక్క గట్టుకు ఆన్చి ఆపి, చక్రం కింద రాయి పెట్టాడు.

"ఏటి బాబూ, ఆపినావు?" అంది చిలకమ్మ.

"బ్రేకులు కాలిపోతన్నాయి. సల్లారాల. లేపోతే మలుపులో నిలవదు."

"ఎంతసేపు?"

ఆయన చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. అమ్మ కళ్లు తెరిచింది. "ఆగీ. పిల్ల ఉన్నాది బండిలో" అంది.

పిల్ల అంటే నేను. ఆవిడ కడుపులోని బిడ్డ గురించి అనలేదు.

అలా రెండుసార్లు ఆగాం. రెండోసారి చిలకమ్మ దిగి, ఊట నీళ్లు అడ్డాకులో పట్టి తెచ్చి అమ్మ పెదాలు తడిపింది. కొండ కింద చదునులో కారు ఇక కదలలేదు. ఒక లారీ మనిషి ఏమీ అడగకుండా తాడు కట్టి కోట దాకా లాక్కెళ్లాడు. ఆసుపత్రి గుమ్మం దగ్గర గడియారం ఏడున్నర చూపించింది. అది సరైన టైమో కాదో నాకు తెలియదు. మగబిడ్డ. ఏడవలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మను అడిగాడు. "ఒక గంట ముందు తెచ్చుంటే, అమ్మా?" ఆవిడ ఆయన నల్లటి చేతుల వైపు చూసి, "ఇప్పుడు ఆ లెక్క ఎందుకు బాబూ" అని వెళ్లిపోయింది.

నేను లెక్కల టీచరునయ్యాను. ఆ లెక్క ఎన్నిసార్లో వేశాను. నూనె మార్చడానికి అరగంట. కొండ మీద, బ్రేకుల దగ్గర, చదునులో మేము పోగొట్టుకున్నది గంటన్నరకు తక్కువ కాదు. కనక మార్చి బయల్దేరితే గంట మిగిలేది. కానీ ఇంజను అప్పటికే టకటకలాడుతోంది. అరిగిపోయిన బేరింగుకు కొత్త నూనె పోస్తే గాలికొండ దాటేదని ఎవరు చెప్పగలరు? ఇంట్లో కూర్చున్న ఆ అరగంట అమ్మను మిగిల్చేదని ఎవరు చెప్పగలరు? లెక్క అక్కడిదాకే వస్తుంది. నాన్న కూడా ఇదే లెక్క వేసుకుని ఉంటాడు. అన్నం ముందు కూర్చుని, బొటనవేలినీ చూపుడువేలినీ నొక్కి విడదీసుకోవడం చాలాసార్లు చూశాను. అమ్మ మాత్రం వెయ్యలేదు. ఆయన్ని ఒక్క మాట అనలేదు. పాకం మాట ఎత్తలేదు. ఆ తర్వాత మా ఇంట్లో అరిసెలు మాత్రం వండలేదు.

కారును కోటలోనే పాత ఇనుముకు ఇచ్చేశాడు. తర్వాత ఇరవై ఏళ్లు ఇతరుల లారీలు నడిపాడు. ఆ నూనెలు వాళ్లే చూసుకునేవారు. కోట నుంచి బస్సులో ఇంటికి వచ్చిన రోజు డబ్బా మెట్ల మీదే ఉంది, దాని మీద స్పానరు కూడా. ఆయన స్పానరు తీసి లోపల పెట్టి, డబ్బాను అటక ఎక్కించాడు. అమ్మ ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు బతికింది. రైలెక్కింది, బస్సెక్కింది, ఎడ్లబండి ఎక్కింది. ఎంత ఒంట్లో బాగోకపోయినా కారెక్కలేదు. ప్రతి ఇటుకల పండక్కీ చిలకమ్మకు ఒక బెల్లం దిమ్మ పంపేది.

ఇప్పుడు ఆ కర్ర పట్టుకునేది చిలకమ్మ మనవరాలు. మెడలో ఫోను డబ్బులకు చీటీ వేలాడేసుకుని, "చిల్లర లేదనకండి మామ్మగారూ, స్కాన్ సేసీండి" అంటుంది. రోడ్డు వెడల్పయింది. పిలిస్తే అంబులెన్సు వస్తుంది. ఆదివారాలు యాత్రికుల కార్ల వెనక అదీ మలుపుల్లో ఆగిపోతుంది. పక్కనే ఇంజన్లు ఆపకుండా కార్లన్నీ వరసగా మోగుతుంటే, ఎవరి స్టీరింగు వెనక ఏ దీపం వెలుగుతోందోనని నాకు అనిపిస్తుంది. అన్నిటికంటే నన్ను భయపెట్టేది పొద్దుటి గాలి. మా ఊళ్లో ఏప్రిల్లో దుప్పటి కప్పుకుని చాలా ఏళ్లయింది. ఈ ఏడు తెల్లవారుజామున కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాన్న మోసపోయిన చల్లదనం ఇప్పుడు మోసం చెయ్యడానికి కూడా మిగల్లేదు. కొండ కిందున్నది కొండెక్కి వస్తోంది.

సుందర్రావు వెళ్లి, రెండో అంకె యాభై ఉన్న డబ్బా తెచ్చి నా కారులో పోశాడు. నేను పక్కన నిలబడి చూశాను. కారును అరగంట నడిపించి, వేడి మీదే ఆపించి, ఎర్ర దీపం వెలగలేదని చూసుకున్నాకే డబ్బులిచ్చాను.

పోయినవి ఇవి. ఒక ఇంజను, దానితో పాటు కారు. పేరు పెట్టని తమ్ముడు ఒకడు. పొద్దుటి పూట వరండాలో "పాకం వొచ్చినాదేటి" అనే మాట. మా ఇంటి అరిసెలు. అమ్మ కారెక్కడం. నాన్న మలుపులకు పెట్టిన ఇరవై మూడు పేర్లలో, నాకు గుర్తులేని పంతొమ్మిది. డబ్బాను సుందర్రావు చేత తూకం వేయించాను. అందులోంచి ఏమీ పోలేదు. నిండుగానే ఉంది.